చోడవరం యువతా, జీపు వెనక తలుపు తెరవండి!



అనకాపల్లి నుంచి పాడేరు వెళ్లే దారి మన చోడవరం మీదుగానే పోతుంది. వడ్డాది, మాడుగుల దాటి, గరికబంద దగ్గర కొండెక్కడం మొదలుపెడుతుంది. భీమిలి నుంచి నర్సీపట్నం పోయే బీఎన్ రోడ్డూ మన ఊరి మీదుగానే. ఆ రోడ్డు గుంతల సంగతి నేను చెప్పక్కర్లేదు, మీ నడుములే చెబుతాయి. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా విడిపోయి మనం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. కాగితం మీద గీత మారింది గానీ సరుకు నడిచే దారి మారలేదు. పైనుంచి కాఫీ, మిరియాలు, పసుపు, అల్లం, సీతాఫలం, చింతపండు దిగాలి. కిందనుంచి ఉప్పు, బియ్యం, సిమెంటు, మందులు ఎక్కాలి. రెండింటికీ నడుమ ఉన్నది మనం.

మరి ఈ దారిలో మీ బండ్లు ఏం చేస్తున్నాయి? తెల్లవారకముందే వంజంగి మేఘాల కోసం ఎక్కుతున్నాయి. శీతాకాలం వస్తే లంబసింగి మంచు కోసం ఎక్కుతున్నాయి. ఎక్కండి, ఆ వయసు మీది, ఆ కొండలు మీవి. పెద్ద టైర్లు వేశారు, ముందు లైట్ల వరస బిగించారు, సైలెన్సరు మార్చారు, రీలు తీశారు. అంతా బాగుంది. కానీ దిగేటప్పుడు ఆ బండి వెనకాల ఏముంది? ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు! అదే మలుపులో, అదే పొద్దున, ఒక గిరిజన రైతు భుజాన కావిడితో సంతకు నడుస్తున్నాడు. అతని పక్కనుంచి నాలుగు చక్రాలకూ బలమున్న బండి ఖాళీ వీపుతో దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

ఆ ఖాళీ వీపు గురించే నేను మీతో మాట్లాడాలి.

జీపు పుట్టిందే మోయడానికి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన ఆ బండిని సైనిక లెక్కల్లో పావు టన్ను ట్రక్కుగానే రాసుకున్నారు. వాళ్ల పావు టన్ను అంటే దాదాపు 227 కిలోలు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెచ్చి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. 1948లో ఇంగ్లాండులో ల్యాండ్ రోవర్ వచ్చింది పొలాల కోసమే. 1970లో జపాన్ సుజుకీ తొలి జిమ్నీ తెచ్చినప్పుడు అక్కడి చిన్నబండి పొడవు మూడు మీటర్లు దాటకూడదన్నది చట్టం. వెనక తలుపుకు స్పేర్ టైరు తగిలిస్తే ఆ హద్దు దాటిపోతుంది. అందుకని టైరును లోపలే పెట్టి, దానికోసం ఒక సీటునే వదిలేసుకున్నారు. వెనక జాగాలో ప్రతి అంగుళానికీ ఒక నిర్ణయం ఉంటుందని వాళ్లకు తెలుసు. షికారు తర్వాత వచ్చింది. మోత ముందు వచ్చింది. ఆ మొదటి పనిని బండికి తిరిగి నేర్పమంటున్నాను.

"బొలెరో పికప్పులు ఉండగా ఈ చిన్న బండి దేనికి?" అని మీలో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. పికప్ టన్నుకు పైగా మోస్తుంది, తారురోడ్డు మీద దానికి పోటీ లేదు. కానీ కాఫీ తోట తారురోడ్డు పక్కన ఉండదు. రోడ్డు ఆగిన చోటునుంచి ఊరి దాకా రాళ్లబాట ఉంటుంది, గెడ్డ అడ్డం వస్తుంది, వాన పడితే ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. వెనక చక్రాలకు మాత్రమే బలమున్న బండి అక్కడ చేతులెత్తేస్తుంది. ఆ చివరి కొన్ని కిలోమీటర్లలోనే రైతుకు ధర పడిపోతోంది. మోయించుకోవడానికి డబ్బు పోతుంది. మోయలేనిది చెట్టుకిందే కుళ్లిపోతుంది. తొందరపడి వచ్చినకాడికి అమ్మేస్తే మిగిలింది దళారి పాలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని పేరు పారిస్ దాకా వెళ్లింది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి మన్యం సరుకు కొంటోంది. కొనేవాళ్లు ఉన్నారు, పేరుంది, పంట ఉంది. ఎక్కడో బాట చివర మూట ఆగిపోయింది. ఆ మూటను తారురోడ్డు దాకా తేగల బండి మీ ఇంటి ముందు పట్టా కప్పుకుని నిలబడి ఉంది.

అయితే, మూటలు ఎక్కించేసి తాడు బిగించి బయల్దేరడం నేను చెప్పే పని కాదు. ఆ పని మన ఏజెన్సీ దారుల్లో ఎప్పటినుంచో జరుగుతోంది. టాపు మీద బస్తాలు, బస్తాల మీద మనుషులు, వెనక వేలాడేవాళ్లు ఇంకొందరు. ఘాట్ మలుపులో అలాంటి బండి బోల్తాపడిందన్న వార్త చదివినప్పుడల్లా మనం అయ్యో అనుకుని పేపరు మడిచేస్తాం. ఆ అయ్యోకి బదులు లెక్క నేర్చుకుందాం.

మొదటి పాఠం కావిడి దగ్గరే ఉంది. కావిడి మోసే మనిషి రెండువైపులా సమానంగా సర్దుతాడు, బుట్టలు కిందికి వేలాడేలా చూసుకుంటాడు, బరువు ఊగకుండా అడుగు వేస్తాడు. సమానం, కింద, కదలకుండా. బండి వెనక భాగానికీ ఇవే మూడు సూత్రాలు.

ఇప్పుడు వీటిని అంకెల్లో చూడండి. ముందుగా, బండి అసలు ఎంత మోయగలదు? అయిదు తలుపుల జిమ్నీనే తీసుకోండి. ఖాళీ బండి బరువు సుమారు 1,210 కిలోలు. మనుషులు, సరుకు అంతా కలిపి 1,545 కిలోలు దాటకూడదు. తేడా 335. డ్రైవరు, పక్కన తోడు కలిపి 140 అనుకుంటే మిగిలేది 195. సరుకు కోసం మీరు వెనక బిగించే బల్ల, జాలీ, బెల్టులకు 35 తీసేయండి. సరుకుకు దక్కేది 160 కిలోలు. అంటే యాభై కిలోల బస్తాలు మూడు. నాలుగోది ఎక్కిందంటే పరిమితి దాటినట్టే. "మూడేనా?" అని ముఖం ముడుచుకోకండి. ఆ మూడు బస్తాలు మోసే బండి లేకే ఒక కుటుంబం సగం రోజు నడుస్తోంది. పైగా మీరు చేసే సామాను ఎంత తేలిగ్గా ఉంటే అంత సరుకు పెరుగుతుంది. 35 కిలోల ఆ సామానును 20 కిలోలకు దించగలిగినవాడే అసలు పనిమంతుడు. మీ బండి ఏదైనా ఈ లెక్క దాని పత్రాల్లో ఉంటుంది. ముందు అది చదవండి, తర్వాతే రెంచి పట్టుకోండి.

ఎంత పెట్టామన్నది ఒక ఎత్తు, ఎక్కడ పెట్టామన్నది ఇంకో ఎత్తు. అదే జిమ్నీలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2,590 మిల్లీమీటర్లు. వంద కిలోల మూటను వెనక ఇరుసుకు అర మీటరు వెనక్కి పెడితే, వెనక చక్రాల మీద పడే బరువు 100 కాదు, దాదాపు 119. ఆ అదనపు 19 కిలోలు ముందు చక్రాల మీంచి లేచిపోయినవి. అదే మూటను ఇరుసుకు అర మీటరు ముందుకు జరిపితే వెనక 81, ముందు 19 చొప్పున పంచుకుంటాయి. తేడా చూశారా? చదునైన రోడ్డు మీద ఇది తెలియదు. ఘాట్ ఎక్కేటప్పుడు బరువు ఎటూ వెనక్కి వాలుతుంది. అప్పుడు ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగు మాట వినడం మానేస్తుంది. కాబట్టి బరువైనది ముందు సీట్ల వెనకే, నేలకు ఆనుకుని పెట్టాలి. తేలికైనది దాని వెనక. టాపు మీద వీలైనంత వరకు ఏమీ వద్దు.

మూడోది, కదలకుండా కట్టడం. 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేన్నో గుద్దుకుని అర మీటరులో ఆగిపోయిందనుకోండి. లోపలి ప్రతి వస్తువూ తన బరువుకు ఇరవై రెట్ల బలంతో ముందుకు దూసుకొస్తుంది. వెనక నేలమీద ఊరికే పెట్టిన 10 కిలోల జాకీ పెట్టె డ్రైవరు వీపు మీద 200 కిలోల దెబ్బగా పడుతుంది. మామూలు తాడు చాలదు, రాచెట్ బెల్టులు కావాలి. డ్రైవరుకూ సరుకుకూ మధ్య గట్టి ఇనుప జాలీ కావాలి. ఈ జాలీ ఖర్చు దండగ అనేవాళ్లకు పై లెక్క చూపించండి.

ఇక పని మొదలుపెట్టండి. ముందు పాత అట్టపెట్టెలు తెచ్చి వెనక భాగానికి నమూనా కోయండి. చాలా చిన్న బండ్లలో మడిచిన సీటు పూర్తిగా చదునుగా పడుకోదు, మెట్టు మిగులుతుంది. ఆ మెట్టును సరిచేసే బల్లే మీ మొదటి వస్తువు. నీటికి ఆగే పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. కింద తేలికైన చట్రం, పైన రబ్బరు చాప. బల్ల కింద దొరికే జాగాలో టైరు పంక్చరు సామాను, తాళ్లు, ప్రథమచికిత్స పెట్టె. బండి నేలకు కన్నాలు పెట్టొద్దు, వెల్డింగు అసలే వద్దు. ఆ రేకు కిందే ఇంధన ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు ఉండొచ్చు. కంపెనీ ముందే ఇచ్చిన కొక్కేలకు, బోల్టు స్థానాలకు మాత్రమే బిగించండి. నాలుగు బోల్టులు విప్పితే ఇద్దరు కలిసి మొత్తం కిందికి దించేలా ఉండాలి. బండి మళ్లీ షోరూము నుంచి వచ్చినట్టు ఉండాలి. ఈ నియమం దగ్గర రాజీ పడొద్దు, ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఏ సరుకుకు ఆ సర్దుబాటు. ఎండబెట్టిన కాఫీ గింజ చుట్టుపక్కల వాసనంతా పీల్చుకుంటుంది, తేమ తగిలితే పాడవుతుంది. డీజిల్ డబ్బా పక్కన ఒక్క ప్రయాణం చేయించారా, ఏడాది కష్టం పోయినట్టే. లంబసింగి స్ట్రాబెర్రీకి లోతులేని ట్రేలు కావాలి, పైపొర బరువుకే కిందిపొర నలిగిపోతుంది. సీతాఫలానికి గాలి ఆడాలి. అల్లానికి తడి తగలకూడదు. మందులూ టీకాలూ ఎక్కాలంటే ఐసుప్యాకుల పెట్టె ఊగకుండా పట్టే గూడు కావాలి. రెండు చక్రాల గూళ్ల మధ్య వెడల్పు కొలిచి, బజారులో దొరికే టమాటా క్రేట్లు ఎన్ని పడతాయో చూసి బల్ల గీయండి. ఇవన్నీ ఏ కాలేజీలోనూ ఒక్కచోట చెప్పరు. మీరే రైతును అడగాలి, మీరే కొలవాలి, మీరే పుస్తకంలో రాసుకోవాలి.

ఇంకో మాట. మన్యంలో రోడ్డులేని ఊళ్లనుంచి నిండుచూలాళ్లను ఈరోజుకీ డోలీలో మోసుకొస్తున్నారు. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లు ఏం చేశారు? మామూలు వ్యాను వెనక భాగాన్ని తీసుకుని స్ట్రెచరు, ఆక్సిజను, మందుల గూడు ఏది ఎక్కడుండాలో తేల్చారు. వ్యాను మారలేదు, వెనకాల సర్దుబాటు మారింది, వేల ప్రాణాలు నిలబడ్డాయి. మీ బండి అంబులెన్సుకు బదులు కాదు. కానీ అంబులెన్సు రాలేని బాట మీద ఎవరైనా చెయ్యెత్తితే, బల్లా బస్తాలూ అయిదు నిమిషాల్లో దించి, సీటు వెనక్కి వాల్చి, మనిషిని 108 నిలిచే చోటికి చేర్చగలిగేలా ఉండాలి. విప్పుకోగలిగే బల్ల కావాలన్నది ఇందుకు కూడా.

ఇక చట్టం. దీన్ని దాటేసి పోదామనుకునేవాళ్లు ఇక్కడ ఆగి వినండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సీట్లు పీకేసి, వెనక బాడీ కోసేసి చేసే మార్పులు ఈ కోవలోకే వస్తాయి. అందుకే మడవండి, బిగించండి, విప్పండి. కొయ్యకండి. తెల్ల పలక బండిలో బాడుగకు సరుకు వేసుకోకండి. బాడుగకు తిప్పాలంటే రవాణా వాహనంగా రిజిస్ట్రేషను, పసుపు పలక, ఫిట్‌నెస్, దానికి తగ్గ బీమా ఉండాలి. అనుమానం ఉంటే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడగండి, అడగడానికి సిగ్గెందుకు? ఒక మంచి కబురూ ఉంది. 7,500 కిలోల లోపు రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

చట్టం దారిలో పోతే పని చిన్నదైపోతుందని భయపడుతున్నారా? సుజుకీ కంపెనీనే చూడండి. యూరప్‌లో కాలుష్య నిబంధనలు బిగుసుకుని జిమ్నీని కారుగా అమ్మడం కష్టమైతే వాళ్లు చేతులు ముడుచుకోలేదు. వెనక సీట్లు తీసేసి, నేల చదును చేసి, డ్రైవరు వెనక అడ్డుజాలీ పెట్టి, 863 లీటర్ల సరుకు జాగాతో దాన్నే చిన్న వాణిజ్య వాహనంగా నమోదు చేయించి 2021లో బ్రిటన్‌లో అమ్మకానికి పెట్టారు. అంత పెద్ద కంపెనీ చేసిన పని మీరు అట్టముక్కతో మొదలుపెట్టబోయేదే: వెనక జాగాను మళ్లీ కొలవడం, మళ్లీ ఆలోచించడం.

"మేము ఇంజినీర్లం కాదు కదా" అంటారేమో. కోయంబత్తూరు దగ్గరి తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు కూడా కాదు. మోటారుసైకిలు కొనడానికి హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టాడు. కొన్నాక దాన్ని ఊరేగడానికే వాడుకోలేదు, ముక్కముక్కా విప్పి మళ్లీ బిగించాడు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య నడిపాడు. ఆ ఒక్క బస్సు పెద్ద రవాణా సంస్థగా పెరిగింది, ఆయన మోటార్లు తయారుచేసే దాకా వెళ్లాడు. విప్పే ధైర్యం, బిగించే ఓపిక ఉంటే చాలు, మిగతాది చేతులే నేర్పుతాయి.

డబ్బు మాటంటారా? మీకు కొత్త బండి అక్కర్లేదు. మీ వీధిలోనే ఒకటి ఊరికే పడి ఉంటుంది. ఒక్కరే మోయలేకపోతే అయిదుగురు కలవండి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ ఎలా పుట్టింది? చెరకు రైతులు తలా వాటా వేసుకుంటేనే కదా! ఆ సహకార ఫ్యాక్టరీకి కష్టాలొచ్చాయి, నిజమే. కానీ కలిసి వేసుకునే పద్ధతి మన నేలకు కొత్తేమీ కాదు. మీలో ఐటీఐ ఫిట్టరు ఉన్నాడు, వడ్రంగం తెలిసినవాడున్నాడు, లెక్కలు రాయగల చెల్లి ఉంది. ముద్రా పథకంలో శిశు విభాగం కింద యాభై వేల దాకా రుణం ఇస్తారు, ఒక చిన్న కార్ఖానాకు అది మొదటి మెట్టు. నిజానికి మీ వ్యాపారం బండి నడపడం కానక్కర్లేదు. బల్ల, జాలీ, ట్రే, బెల్టు కలిపి ఒక సెట్టుగా చేసి అమ్మండి. పాడేరు, చింతపల్లి, అరకు, అవతల ఒడిశా కోరాపుట్ దాకా ఇదే కొండ, ఇదే బాట, ఇదే అవసరం.

చెల్లెళ్లూ, ఇది మగపిల్లల పని అనుకోకండి. పసుపు తడిసిందో లేదో, సీతాఫలం ఎప్పుడు మెత్తబడుతుందో ఇంట్లో ముందు తెలిసేది మీకే. ఏ మూట కింద ఉండాలి, ఏది పైన ఉండాలన్నది సంతకు వెళ్లే మీ అమ్మలు పుట్టినప్పటినుంచీ చేస్తున్న లెక్క. టేపు మీరూ పట్టండి, బొమ్మ మీరూ గీయండి, స్టీరింగూ మీరే పట్టండి.

కొండమీద కాఫీ పళ్లు నవంబరులో ఎరుపెక్కుతాయి. దసరాకు ఎలాగూ మీ బండికి పసుపు కుంకాలు పెట్టి నిమ్మకాయలు తొక్కిస్తారు. ఈసారి పూజకు ముందే ఆ బండికి ఒక పని ఇవ్వండి. ఇవాళ సాయంత్రం వెనక తలుపు తెరవండి. పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. పత్రాలు తీసి ఎంత బరువు మోయగలదో చూడండి. ఈ ఆదివారం పాడేరు ఎక్కేటప్పుడు సెల్ఫీకి ఆగే చోట కాదు, కావిడి దించుకుని ఎవరైనా నిలబడ్డ చోట ఆగండి. "తాతా, మీ ఊరికి బండి ఎక్కడిదాకా వస్తుంది? మీ సరుకు ఎలా కట్టాలి?" అని అడగండి. ఆయన చెప్పింది రాసుకోండి. దిగి వచ్చి బల్ల కోయండి. మొదటి బల్ల వంకరగా వస్తుంది, రెండోది కిర్రుమంటుంది, మూడోది మోస్తుంది. మీ దగ్గర బలం ఉంది, బండి ఉంది, కొండ ఎదురుగానే ఉంది. లేవండి, టేపు తీయండి, పని మొదలుపెట్టండి!